సమాధానం: బ్యారేజీ నీటి లెక్క పదిరెట్లు ఎక్కువ రావడం గురించి

తేడా ఫార్ములాలో లేదు, కాలిక్యులేటర్‌లో ఎక్స్‌ప్ బటన్ దగ్గరుంది.

ప్రకాశం బ్యారేజీలో 3 టీఎంసీల నీళ్లుంటే ఎన్ని నీటి అణువులన్న లెక్కకి మీ అమ్మాయికి 2.84 × 10³⁷ వస్తోంది, ఆన్సర్ కీలో 2.84 × 10³⁶ ఉందన్నారు. సరిగ్గా పదిరెట్లు తేడా వస్తే నేను ముందు అనుమానించేది ఆ బటన్‌నే.

అవొగాడ్రో సంఖ్య (ఒక మోల్‌లో ఉండే అణువుల సంఖ్య) 6.02 × 10²³ కోసం అమ్మాయి 6.02 × 10 కొట్టి, ఆపైన ఎక్స్‌ప్ 23 నొక్కి ఉంటుంది. ఎక్స్‌ప్ అంటేనే ‘ఇంటూ పది పవర్’. పది అందులోనే ఉంది. మళ్లీ మనం కొడితే 10²⁴ అయిపోతుంది. 6.02, ఎక్స్‌ప్, 23. అంతే కొట్టాలి.

1. టీఎంసీ అంటే 10⁹ ఘనపుటడుగులు, ఒక్కో ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. 3 టీఎంసీలకి 8.49 × 10¹⁰ లీటర్లు, అంటే 8.49 × 10¹³ గ్రాములు.
2. ఒక మోల్ నీళ్లు 18 గ్రాములు కాబట్టి 18తో భాగిస్తే 4.72 × 10¹² మోల్స్.
3. దాన్ని 6.02 × 10²³తో గుణించాలి.

మూడోది చేత్తో కూడా చేయించండి. 4.72 × 6.02 = 28.4. పవర్లు కూడితే 12 + 23 = 35. చాలామంది పిల్లలు 28.4 × 10³⁵ రాసి వదిలేస్తారు. విలువ తప్పు కాదుగానీ, ముందు సంఖ్య 10 లోపు ఉండాలి. చుక్క ఎడమకి ఒక స్థానం జరిగితే పవర్ ఒకటి పెరుగుతుంది: 2.84 × 10³⁶.

ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ లాంటివి కొట్టేటప్పుడు మైనస్ ఎక్స్‌ప్ తర్వాతే రావాలి.