పాత సామాను కొనబోతున్న చిట్టితల్లికి

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

భోజనాల బల్ల మీదికి వడ్డన సామానంతా పాతదే ఏరి కూర్చుకోవాలని అనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత సంతోషించానో! ఈ ఇష్టం మన ఇంట్లో మీ పెదనాన్నతోనే ఆగిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ ఫోను పెట్టేసిన దగ్గర నుంచి మనసు కుదురుగా లేదు. నీకు మంచి కన్ను ఉంది, ఓపిక మాత్రం తక్కువ. నచ్చిన వస్తువు చేతికి రాగానే బోర్లించి చూడాలన్న ఆలోచన కూడా నీకు రాదు. పైగా ఇంట్లో ఇప్పుడిప్పుడే అడుగులు వేస్తున్న పాప ఉంది. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. బల్ల వెడల్పు, అలమర లోతు కొలుచుకున్నాకే ఏదైనా కొను. నూరేళ్లు దాటిన వాటినే యాంటిక్ అనడం వాడుక. వింటేజ్ అనే మాటకు అంత కచ్చితమైన లెక్క లేదు కాబట్టి ఆ చీటీ చూసి మురిసిపోకు. అన్నీ ఒకే సెట్టులోవి దొరకాలని పట్టుపట్టకు. రంగులు కలిస్తే చాలు, రెండు మూడు సెట్ల పళ్లేలు పక్కపక్కనే ఉన్నా బల్ల నిండుగానే కనిపిస్తుంది.

పింగాణీ కొనేటప్పుడు ముందు దాని అడుగు చూడు. 1891 నుంచి అమెరికాకు వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న చట్టం అమలైంది. అందుకే ఆ తర్వాతి విదేశీ పింగాణీ మీద దేశం పేరు తరచుగా కనిపిస్తుంది. పేరు లేనంత మాత్రాన అంతకు ముందుదని అనుకోకు. ఆ చట్టం అమెరికాకు వెళ్లే సరుకుకే. ముద్రను నకలు చేయవచ్చు, వాడకాన్ని నకలు చేయడం కష్టం. నిజంగా వాడిన పళ్లెం మీద కత్తి గీతలు అన్ని వైపులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి, అడుగున నిలబడే అంచు అరిగి కాస్త మాసి ఉంటుంది. తర్వాత దాన్ని అరచేతి మీద నిలిపి వేలిగోరుతో మెల్లగా తట్టు. గంటలా మోగితే మంచిది. మొద్దుగా చప్పుడైతే ఎక్కడో బీట ఉంది, కంటికి కనిపించకపోయినా నీ చెవినే నమ్ము.

ఇక వెండి. అసలు వెండికీ పూతకీ తేడా తెలియకుండా దుకాణంలో అడుగుపెట్టకు. ఇంగ్లండు వెండి మీద నడుస్తున్న సింహం ముద్ర ఉంటే నూటికి 92.5 పాళ్లు వెండి ఉన్నట్టు. ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే అది జర్మన్ సిల్వర్ మీద వేసిన వెండి పూత. జర్మన్ సిల్వర్‌లో వెండి లేనే లేదు, రాగీ నికెలూ జింకూ కలిపిన లోహం అది. పూత వస్తువు కొనడం తప్పని నేననను. రోజూ వాడుకోవడానికి అదే నయం. ఏది కొంటున్నావో తెలిసి కొను, అంతే.

మీ పెదనాన్న ట్రే సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎత్తనివ్వలేదు. అది పాత షెఫీల్డ్ పనితనం. 1743 ప్రాంతంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊళ్లో థామస్ బౌల్‌సోవర్ అనే పనివాడు రాగినీ వెండినీ వేడితో అతికించి, రెండూ కలిసి ఒకే రేకుగా సాగుతాయని కనిపెట్టాడు. ఆ రేకుతోనే ట్రేలూ మూత గిన్నెలూ చేసేవారు. 1840లో ఎల్కింగ్టన్‌లు అనే ఇంగ్లండు తయారీదారులు విద్యుత్తుతో వెండి పూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఆ పాత పని క్రమంగా మూలపడింది. కోలగా, అంచు చుట్టూ పూలరేకులు చెక్కిన ట్రే అది. ఇంటికి తెచ్చిన రోజు నన్ను దీపం దగ్గరకు పిలిచి, దాని నడిమధ్య నోటితో ఆవిరి ఊదారు. మసకబారిన వెండి మీద చిన్న డాలు ఆకారం అంచు తేలి, చూస్తుండగానే మాయమైంది. పలచని వెండి మీద వంశ చిహ్నం చెక్కితే ఉలి రాగిదాకా దిగిపోతుందట. అందుకని చెక్కడం పడే చోట మందపు వెండి ముక్కను విడిగా పొదిగేవారట. ఆవిరి పట్టినప్పుడు దాని అతుకు బయటపడుతుంది. చిన్నపిల్లాడిలా మళ్లీ మళ్లీ ఊది చూపించారు.

వెండి అరిగిన చోట్ల లేత ఎరుపుగా రాగి తొంగిచూసేది, ముఖ్యంగా పిడుల దగ్గర. నాకైతే అదే అందంగా అనిపించేది. ఇంట్లో పెద్ద విందు ఉందనగా, చూసినవాళ్లు ఎవరో ‘పాపం, అరిగిపోయిందే’ అన్నారు. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. నాతో చెప్పకుండా తీసుకెళ్లి పూత వేసేవాళ్లకిచ్చి వచ్చారు. వాళ్లు ముందు చక్రం మీద రుద్దారు, ఆ పైన విద్యుత్తుతో కొత్త వెండి పూశారు. తిరిగి వచ్చిన ట్రే అద్దంలా ధగధగలాడింది. విందుకొచ్చిన వాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ రాత్రి అందరూ వెళ్లాక ఆయన దీపం దగ్గర కూర్చుని మధ్యలో ఊదారు. ఏమీ తేలలేదు. మళ్లీ ఊదారు. ట్రే అంతా ఒకటే తెలుపు. అంచు మీద వేలు పోనిస్తే పూలరేకుల గీతలు తగలడం లేదు. తర్వాత పాత వస్తువులు తెలిసిన ఒకరికి చూపిస్తే, తిప్పి చూసి మౌనంగా చేతికిచ్చేశారు. ఇప్పుడది కొత్త పూత వేసిన మామూలు ట్రే. పూసిన వెండిని తీయించినా రుద్దుడుకు పోయిన పని తిరిగి రాదు. అంత తెలిసిన మనిషి, ఒక్క మాటకు లొంగిపోయి చేసిన పని అది. ఆయన మీద కోపం వచ్చిందా అంటే వచ్చింది. అలా ఊదుతూ కూర్చున్న మనిషిని చూశాక ఒక్క మాటా అనలేకపోయాను.

నీకూ ఆ మాట అనేవాళ్లు తప్పక దొరుకుతారు. మాసిందనీ, అరిగిందనీ, కాస్త మెరుగు పెట్టించమనీ అంటారు. వినకు. అరిగిపోయిన ఇ.పి.ఎన్.ఎస్. చెంచాలకు మళ్లీ పూత వేయించుకుంటే వేయించుకో, వాటికి నష్టం లేదు. పాత షెఫీల్డ్‌ను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు. వయసు మళ్లిన మనిషికి రంగు వేసి పరుగు పందెంలో నిలబెడతామా? ఆ వయసుకు ఏ పని తగునో అదే అప్పగించాలి.

ఆ పని ఏమిటన్నదే నాకు రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని విషయం. పాత మట్టి పాత్రల మీది నిగనిగల పూతలో సీసం ఉండవచ్చు. పులుపు తగిలితే, వేడి తగిలితే, తిండి అందులో ఎక్కువసేపు నిలిస్తే అది ఊరి తిండిలోకి దిగుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేటు చేస్తుంది, ఇంతవరకు ఫరవాలేదనే హద్దు దానికి లేదు. పూత మీద సాలెగూడులా సన్నని నెర్రెలున్నా, పూత పొడిలా రాలుతున్నా, ముదురు ఎరుపూ నారింజా రంగులు లోపలి వైపు ఉన్నా అది అలంకారానికే. అమెరికాలో ఫియెస్టా అనే పేరుతో అమ్మిన పళ్లేలలో నారింజ ఎరుపు కోసం 1972 వరకు యురేనియం కూడా వాడారంటే ఆలోచించు. ఇంట్లో పుల్లతో రాసి చూసే పరీక్షలను నమ్ముకోకు, అనుమానం ఉంటే ప్రయోగశాలకు పంపు. సీసపు స్ఫటిక గాజులో నూటికి 24 పాళ్లో అంతకన్నా ఎక్కువో సీసపు ఆక్సైడ్ ఉంటుంది. ఆ కూజాలో పానీయం పోసి రాత్రంతా ఉంచకు. ప్యూటర్ అంటే తగరం ముఖ్యంగా ఉండే మిశ్రమ లోహం, పాత ప్యూటర్ గిన్నెల్లోనూ సీసం కలిపేవారు. రాగి గిన్నె అయితే లోపల కళాయి నిండుగా ఉందో లేదో చూడు. రాగికి కళాయి మళ్లీ పెట్టించడం తప్పు కాదు, తప్పనిసరి. పాపకు మాత్రం కొత్త పళ్లెంలోనే పెట్టు. ఈ ఒక్కదానికీ నాతో వాదించకు.

కడగడం నీకు తెలియనిది కాదు. గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ. బంగారు అంచున్నవి డిష్‌వాషర్‌లోనూ మైక్రోవేవ్‌లోనూ పెట్టకు. దంతపు పిడి, ఎముక పిడి ఉన్న కత్తుల పిడులను నీళ్లలో నానబెట్టకు. వెండి పాత్రలో ఉప్పు నిలవ ఉంచకు, గుంటలు పడతాయి. వెండి చెంచాలను రబ్బరు బ్యాండుతో కట్టకు, నల్లటి మచ్చ పడితే పోవడం కష్టం.

మీ అమ్మ చెప్పిన ఆ నీలం పూల మూత గిన్నెకు ఇంకా డబ్బు కట్టలేదు కదా? ముందు నాకు ఫొటోలు పంపు. మూత తీసి లోపలి వైపు ఒకటి, బోర్లించి అడుగు ఒకటి, మూత కూర్చునే అంచు దగ్గరగా ఒకటి. అమ్మేవాళ్లు తొందరపెడితే పెద్దమ్మను అడగాలని చెప్పు. పాపకు ముద్దులు.

నీ పెద్దమ్మ