చాటు కిటికీకా, గోడ మొత్తానికా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. కొత్త ఇంటికి పడమటి వైపు ప్రహరీ వెంట రెండున్నర అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున మట్టి వదిలాం. ప్రహరీ ఐదడుగులే. పక్కవాళ్ల వంటింటి కిటికీ సరిగ్గా మా వరండాకు ఎదురు. చాటుకు మొక్కలు పెంచాలి కానీ నెలనెలా కత్తిరిస్తూ కూర్చునే తీరిక మాకు లేదు. నర్సరీ అతను కోనోకార్పస్ గానీ మధుకామిని గానీ వేయమన్నాడు. అమ్మ గన్నేరు వేయమంటోంది. పెరట్లో రెండు నిమ్మచెట్లు, ఒక పాడిగేదె ఉన్నాయి. ఏది మంచిది?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: మొక్క కొనే ముందు ఒక పని చేయండి. వరండాలో రోజూ కూర్చునే చోట మీరు కూర్చుని, ఇంట్లో ఎవరినైనా ప్రహరీ దగ్గర పొడవాటి కర్ర పట్టుకుని నిలబడమనండి. ఆ కిటికీ పైఅంచు కనబడకుండా పోవాలంటే కర్ర ఎంత ఎత్తు లేవాలో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అడ్డు రావాలో గోడ మీద సుద్దముక్కతో గీయండి. మీ కొలతలు చూస్తే ఎనిమిదడుగుల ఎత్తు, ఎనిమిది పదడుగుల పొడవు సరిపోతుందని నా అంచనా. 30 అడుగులూ పచ్చగోడ కట్టాలనుకోవడం వల్లే చాకిరీ మూడింతలవుతుంది.

ఇక మీకు చెప్పిన మొక్కల సంగతి. కోనోకార్పస్ వద్దే వద్దు. చూస్తుండగానే పెరుగుతుంది, నిజమే. అందుకే నెలనెలా కత్తెర పట్టాలి. తడి వెతుక్కుంటూ పోయే వేర్లు డ్రైనేజీ పైపుల్లో, సంపుల్లో దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడమే నిషేధించింది.

గన్నేరు మొండిది, ఎండకూ నీటి ఎద్దడికీ తట్టుకుంటుంది. గేదె లేని ఇల్లయితే అమ్మ మాటే వినమనేవాణ్ని. కానీ ఆకు, కొమ్మ, వేరు అన్నీ విషమే, ఎండినా విషం పోదు. కత్తిరించి పక్కన పడేసిన కొమ్మల్ని పశువు నాలుగు నోళ్లు మేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మధుకామిని దగ్గర కాస్త ఆగాలి. నిదానంగా పెరుగుతుంది, నీడకూ ఓర్చుకుంటుంది, పూస్తే వీధంతా వాసన. మామూలుగా అయితే నేనూ అదే చెబుతాను. కానీ ఇది నిమ్మ కుటుంబపు మొక్క. సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగుకు దీని లేత చిగురంటే ప్రాణం. చిగురు తిప్పి చూస్తే తల కిందికి, వెనక భాగం పైకి ఎత్తి వాలుగా కూర్చుని ఉంటుంది. పిల్లపురుగులు తెల్లటి మైనపు దారాలు విసర్జిస్తాయి. నిమ్మజాతి చెట్లను క్రమంగా క్షీణింపజేసే గ్రీనింగ్ తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసేది ఈ పురుగే. బత్తాయి పండించే జిల్లావారికి గ్రీనింగ్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! నిమ్మచెట్లున్న పెరట్లో ఆ పురుగుకు ఇంకో మకాం కట్టివ్వొద్దు. కరివేపాకు మీదా ఇది చేరుతుంది, ఉంటే దాన్నీ గమనిస్తూ ఉండండి.

మీ స్థలానికి నా ఓటు నందివర్ధనానికి. ఏడాదంతా ఆకు రాల్చదు, ఎండలోనూ కొద్దిపాటి నీడలోనూ వస్తుంది, పూజకు పూలూ దొరుకుతాయి. కిటికీకి ఎదురుగా మీరు గీసిన గీతల మధ్య రెండున్నర అడుగులకు ఒకటి చొప్పున నాలుగు మొక్కలు చాలు. మిగిలిన 20 అడుగుల్లో అమ్మను గోంగూర వేసుకోమనండి.

కొత్త ఇల్లు అన్నారు కాబట్టి అసలు ఇబ్బంది మట్టిలో ఉంటుంది. గోడ పక్కన అడుగు తవ్వితే ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు, సున్నం బయటపడతాయి. విడివిడిగా గుంతలు తీయకుండా, ఆ పదడుగులూ అడుగున్నర లోతు కాలువలా తవ్వండి. గోడ పునాది మట్టం కంటే కిందికి పోవద్దు. చెత్త ఏరేసి ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు పాళ్లకు ఒక పాలు కలిపి నింపండి. ఈ పని సరిగా చేయకపోతే ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుపధాతు లోపం. అప్పుడు నీళ్లు ఎన్ని పోసినా లాభం లేదు.

వానలు పడ్డాక జూన్ చివర్లోనో జూలైలోనో నాటండి. మొక్క రెండడుగులకు రాగానే తల తుంచండి. ఇక్కడే చాలామందికి చేయి రాదు. తుంచకపోతే కింద కాళ్లు కనబడుతూ పైన గొడుగులా తయారవుతుంది, సందుల్లోంచి కిటికీ కనబడుతూనే ఉంటుంది. డ్రిప్పు లాటరల్ (చుక్కచుక్కగా నీళ్లు వదిలే సన్న పైపు) ఒకటి వేసి, మొక్కల మొదళ్లలో ఎండుటాకులు కప్పితే రోజూ నీళ్లు పట్టే టెన్షన్ ఉండదు. వేర్లు దిగాక వేసవిలో వారానికి రెండు తడులు, వానాకాలంలో అవసరం కూడా ఉండదు. కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు, నడవకు అడ్డొచ్చే పక్క కొమ్మలకు మాత్రమే. కోసినచోట పాలు కారతాయి, కంట్లో పడనివ్వకండి. ఆ కొమ్మల్ని కూడా గేదెకు అందేచోట వేయొద్దు.

పిండినల్లి కనబడితే పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేయండి. ఒక్కోసారి రాత్రికి రాత్రే ఆకులు మాయమవుతాయి. వెతికితే వేలంత లావు ఆకుపచ్చ పురుగు, తల వెనక నీలపు కళ్లలాంటి రెండు మచ్చలతో దొరుకుతుంది. చూసి భయపడతారు గానీ కుట్టదు. ఒకటో రెండో ఉంటాయి, చేత్తో ఏరేస్తే సరి. ఆకు రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది.