కళ్లు తెరిచేసరికి ఆసుపత్రా?

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. మొదటి పేజీ బాగుంది. చివరికొచ్చేసరికి ఒళ్లు మండింది. రాకెట్ చెడిపోయింది, వ్యోమగామికి అమ్మ గుర్తొచ్చింది, స్పృహ తప్పింది, కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి! మరి ఆ మధ్య జరిగిందంతా ఎవరు రాస్తారు?

1975 ఏప్రిల్ 5న సోవియట్ వ్యోమగాములు లాజరెవ్, మకారోవ్ ఎక్కిన సోయుజ్ రాకెట్‌లో రెండో దశ, మూడో దశ సరిగా విడిపోలేదు. సుమారు 145 కిలోమీటర్ల ఎత్తున ఈ గండం రావడంతో, వాళ్లు కూర్చున్న క్యాప్సూల్ రాకెట్ నుంచి విడిపోయి కిందికి తిరిగొచ్చింది. ఒంటి బరువుకు 20 రెట్లు దాటిన ఒత్తిడి. పడింది ఆల్తాయ్ కొండల్లో, మంచు వాలు మీద. లోయలోకి జారిపోతుంటే పారాచూట్ చెట్లకు చిక్కుకుని ఆపింది. హమ్మయ్య అనుకోవడానికి లేదు, సరిహద్దు దాటి చైనాలో పడ్డామేమోనని టెన్షన్! సైనిక ప్రయోగం కాగితాలు తగలబెట్టేశారు. ఛాతీలోతు మంచు, చలి, రాత్రి. మర్నాడు గానీ వాళ్లను తీసుకురాలేకపోయారు. చావు తప్పించుకున్నవాడు కాగితాలు కాలుస్తూ కూర్చున్నాడంటే, ఆ దృశ్యం నీ ఊహకు అందేదేనా? నాకైతే అందేది కాదు.

నా తొలి కథల్లో ఇలాంటివన్నీ ఒక సంపాదకుడు కొట్టేశాడు. పాఠకులకు లెక్కలొద్దు, కన్నీళ్లు కావాలన్నాడు. ఆయన పోయాడు గానీ ఆ జబ్బు ఇంకా పత్రికల్ని వదల్లేదు. ఇప్పుడు దానికి తోడు ప్రతి కథకూ చివర్లో ట్విస్టు ఉండాలట.

నీ హీరో ప్రాణం పోయేవేళ కవిత్వం మాట్లాడతాడు. 1983 సెప్టెంబర్ 26న లాంచ్‌ప్యాడ్ మీదే ఇంకో సోయుజ్ రాకెట్ అంటుకుంది. వైర్లు కాలిపోవడంతో కిందనుంచి ఇద్దరు ఆపరేటర్లు రేడియోలో క్యాప్సూల్ తప్పించే ఆదేశం పంపాల్సి వచ్చింది. క్యాప్సూల్‌ను పైకి లాగేసిన కొద్ది సెకన్లకే కింద రాకెట్ పేలింది. లోపలున్న టిటోవ్, స్ట్రెకలోవ్ ముందు చేసిన పని మాటల రికార్డర్ ఆపేయడం. ఎందుకంటావా? నోటికొచ్చిన బూతులన్నీ అందులో ఎక్కుతున్నాయి మరి!

నీ కథలో రాకెట్ చెడగొట్టే ఆ గూఢచారిని కూడా తీసెయ్. 2018 అక్టోబర్ 11న వ్యోమగాములు ఓవ్‌చినిన్, హేగ్‌ల రాకెట్‌ను ముంచింది బిగింపులో కాస్త వంగిన ఒక సెన్సర్ కడ్డీ. పక్క బూస్టర్ సరిగా విడిపోక మధ్య భాగాన్ని గుద్దింది. అప్పటికే పైనున్న, ప్రమాదంలో క్యాప్సూల్ లాగేసే ఎస్కేప్ టవర్‌ను వదిలేశారు, ముక్కు కవచం మీది మోటార్లు కాపాడాయి. మరుసటి మార్చిలో ఇద్దరూ మళ్లీ రాకెట్ ఎక్కారు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత. నీ క్యాప్సూల్ ఎక్కడ పడింది, నీళ్లలోనా, అడవిలోనా? పగలా, రాత్రా? తలుపు తీసే సత్తువ ఎవరి చేతుల్లో ఉంది? అవి రాసి పంపు. ఈసారి కథతో పాటు నాలుగు పేజీల ఉత్తరం అక్కర్లేదు.