చందా కంటే ముందు సభ్యత్వం అడగడం నేర్పండి

ఊరి సర్కారు బడి కోసం తల్లిదండ్రుల సంఘం పెట్టుకున్నామని, ముందుకొచ్చిన తల్లులకు సభ్యత్వాలు చేర్పించడం, చందాలు అడగడం ఎలా నేర్పాలని అడిగారు. మాది పలాస దగ్గర పల్లె. మా సంఘంలో ఈ నేర్పించే పని నాదే కాబట్టి, ఇక్కడ పనికొచ్చినవి చెబుతాను.

మీ సంఘం వేరు, బడిలో ఉండే యాజమాన్య కమిటీ వేరు. ఈ తేడా మొదటి రోజే చెప్పండి. ఆ కమిటీ 2009 విద్యాహక్కు చట్టం కింద ఏర్పడేది. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. గ్రాంట్ల ఖర్చు చూసేది ఆ కమిటీయే. మీ డబ్బు ఆ ఖాతాలో కలవకూడదు, హెడ్మాస్టారి చేతికీ వెళ్లకూడదు. పిల్లల చేత డబ్బు తెప్పించడం అసలే వద్దు.

డబ్బు దేనికో కూడా ముందే తేల్చుకోండి. గోడలకు, టీచరు జీతానికి మేం వసూలు చేయం. అవి ప్రభుత్వం ఇవ్వాల్సినవి. మనం చందాలేసి ఒకరిని పెట్టుకుంటే ఆ ఖాళీ సంగతి ఇక ఎవరికీ పట్టదు. మా చందా అంతా ప్రభుత్వాన్ని అడగడానికయ్యే ఖర్చుకే: సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి శ్రీకాకుళం కలెక్టరేట్ దాకా బస్సు చార్జీలు, జిరాక్సులు, సమాచార హక్కు దరఖాస్తులు.

అందుకే మా దగ్గర ముందు సభ్యత్వం, తర్వాతే చందా. సభ్యత్వ రుసుం ఒక పూట టీ ఖర్చంత పెట్టండి చాలు. వినతిపత్రం వెనక ఊరంతా సంతకాలుంటే ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడతారు. పెద్ద చందా ఇచ్చిన ఒక్కరి వల్ల ఆ బలం రాదు.

నేర్పడానికి డ్వాక్రా సంఘాల్లో పనిచేసిన ఆడవాళ్లను ముందు పెట్టుకోండి. తీర్మానం రాయడం, పొదుపు లెక్క చూడటం వాళ్లకు అలవాటే. వాళ్లకు కష్టమనిపించేది నోరు తెరిచి అడగడం. మేం సాయంత్రం, జీడి ఫ్యాక్టరీల నుంచి అందరూ వచ్చాక, రామాలయం అరుగు మీద కూర్చుని అదే సాధన చేస్తాం. ఒకరు ఇంటావిడ, ఒకరు అడగడానికి వచ్చినావిడ. "మా పిల్లలు కాన్వెంట్‌కి వెళ్తున్నారు వదినా, మాకెందుకు ఇది?" అంటుంది ఇంటావిడ. "బడి ఊరిది వదినా. మీ పాలేరు పిల్లలు అక్కడే కదా చదువుతున్నారు. ప్రైమరీలో అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలని చట్టం. మనకున్నది ఒక్కరే. రెండో టీచర్ని అడగడానికి వెళ్తున్నాం, మీ పేరు కూడా రాయనా?" అని రెండో ఆవిడ అనాలి. అడిగాక ఆగాలి. ఇదే అన్నిటికన్నా కష్టం. టెన్షన్‌లో మనవాళ్లు వెంటనే "పోనీ, ఇప్పుడు కాకపోతే తర్వాతైనా" అనేస్తారు. అవతలి మనిషి జవాబు చెప్పేదాకా నోరు మెదపకుండా ఉండటం పదేపదే సాధన చేయించండి. కాదంటే దండం పెట్టి వచ్చేయాలి, వాదన వద్దు.

ఇద్దరిద్దరుగా పంపండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాస్తారు. వరుస నంబర్లున్న, కార్బన్ పెట్టి రాసే రసీదు పుస్తకం ఉండాలి. ఎంత చిన్న మొత్తమైనా గుమ్మం దగ్గరే రసీదు చింపి ఇవ్వాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. ప్రతి నెలా జమాఖర్చు కాగితం అందరికీ కనపడే చోట అతికించండి. రెండో ఏడాది సభ్యత్వం కట్టేటప్పుడు మా ఊళ్లో అందరూ ఆ కాగితం గురించే మాట్లాడారు.

పెద్ద చందాలకు సంక్రాంతి మంచి సమయం. చెన్నై, ముంబై, గల్ఫ్ వెళ్లినవాళ్లు చాలామంది అప్పుడే ఊళ్లో ఉంటారు, ఇదే బడిలో చదువుకున్నవాళ్లు. వాళ్లకు ఫోన్లో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా బడికి తీసుకెళ్లి చూపించండి. పన్ను మినహాయింపు అడిగేవాళ్లకు రెండు మాటలు: మీ సంఘానికి విరాళాల మీద పన్ను మినహాయింపు కోసం ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే అనుమతి (80జి అంటారు) ఉంటేనే అది వర్తిస్తుంది, ఉన్నా 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు మనూరి వాళ్లే అయినా వాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది, దానికి కేంద్రం అనుమతి ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉండి బయట పనిచేస్తున్నవాళ్లు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు. చందా తీసుకోకముందే ఎవరిది ఏ దేశ పౌరసత్వమో అడిగి తెలుసుకోమని మీవాళ్లకు చెప్పండి.