పొందూరు ఖాదీ పేరుకు 1,85,000 పెట్టాలా? పలాస నుంచి నా అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పొందూరులో నేత కుటుంబాల దగ్గర చీరలు, పంచెలు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నారు. పొందూరు, ఖాదీ రెండు మాటలూ కలిసిన డాట్ కామ్ పేరు ఇప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది. ప్రీమియం పేరు కాబట్టి 1,85,000 ఇమ్మంటున్నారు. మీ మొత్తం పెట్టుబడేమో నాలుగు లక్షలు. కొనేయాలా, వదిలేయాలా అని అడిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ ధరకు వద్దు. ఆ పేరు సగం ధరకు వచ్చినా ఇప్పుడే వద్దు. ఎందుకో తెలియాలంటే నా సంగతి కొంచెం వినాలి.

మాది పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గ. నాన్నగారి కాలం నుంచి జీడిపప్పు వ్యాపారం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతంలో జీడి తోటల్ని వేళ్లతో సహా పెకలించేసింది. మా చుట్టుపక్కల జీడి పిక్కలు తగ్గిపోయాయి. బయట నుంచి తెచ్చుకుంటే ఖర్చు పెరుగుతుంది, హోల్‌సేల్ రేటు మన చేతిలో ఉండదు. తినేవాళ్లకే నేరుగా అమ్మితే కిలోకి కాస్త ఎక్కువ మిగులుతుందని 2019లో వెబ్‌సైట్ మొదలుపెట్టాను. మొదటి దెబ్బ పేరు దగ్గరే తగిలింది.

నాకు నచ్చిన మాట డాట్ కామ్‌లో లేదు. కొత్తగా వచ్చిన ఒక ఎక్స్‌టెన్షన్‌లో (అంటే డాట్ తర్వాత వచ్చే మాట) దొరికింది, పక్కన ప్రీమియం అని రాసి 28,000 చూపించారు. మంచి మాట, ఒక్కసారి కట్టేస్తే అయిపోతుంది కదా అని కట్టేశాను. ఏడాది తిరిగేసరికి రెన్యువల్ నోటీసు వచ్చింది. మళ్లీ అదే 28,000, మీద 18 శాతం జీఎస్టీ. తప్పు పడిందేమో అని ఫోన్ చేస్తే, ఈ పేరుకు ప్రతి ఏడాదీ ఇంతే అన్నారు. షరతుల్లో ఉందట, నేను చూసుకోలేదు. అప్పటికే 3,000 అట్టపెట్టెల మీద ఆ పేరు అచ్చయి ఉంది. ఇంకో ఏడాదికి కట్టి, ఆ పెట్టెలు అయిపోయాక పేరు వదిలేశాను. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి ప్రీమియం అన్న మాట కనబడగానే అది ఏ రకమో ముందు అడగండి. ఒకటి రిజిస్ట్రీయే, అంటే ఆ ఎక్స్‌టెన్షన్‌ను నడిపే సంస్థే పెట్టే ప్రీమియం. కొత్త ఎక్స్‌టెన్షన్లలో ఇది ఎక్కువ, చాలా పేర్లకు రెన్యువల్ కూడా ఆ పెద్ద రేటులోనే ఉంటుంది. రెండోది, మామూలు రేటుకు ఎవరో ముందే తీసిపెట్టుకుని ఇప్పుడు ఎక్కువకి అమ్మేది. డాట్ కామ్, డాట్ ఇన్ పేర్లలో మీకు ఎదురయ్యేది సాధారణంగా ఇదే. ఆ పెద్ద మొత్తం ఒక్కసారే కడతారు, తర్వాత ఏటా మామూలు రెన్యువల్ రేటుతో నడిచిపోతుంది. అసలు డొమైన్, అంటే ఈ సైటు పేరు, కౌలు భూమి లాంటిది. ఒకేసారి పదేళ్లకు మించి కట్టించుకోరు, కట్టడం ఆపేస్తే చేజారిపోతుంది. కౌలు ఎంతో తెలియకుండా భూమిలో దిగకూడదు.

ఇక అసలు లెక్కకు వస్తాను. 2021లో నాకు ఇంకో పేరు కనిపించింది. పలాస, జీడి రెండూ కలిసిన డాట్ కామ్. అమ్మేవాళ్లు 2,40,000 అన్నారు. మనసు లాగింది. ఆ రాత్రి గోడౌన్‌లో కూర్చుని లెక్క వేశాను. ప్యాకింగ్, కొరియర్, పేమెంట్ ఛార్జీలు పోను అప్పట్లో నాకు కిలోకి 40 రూపాయలు మిగిలేది. 2,40,000 రావాలంటే 6,000 కిలోల పప్పు అమ్మాలి. 80 కేజీల పిక్కల బస్తాకి సుమారు 20 కిలోల పప్పు దిగుతుంది. అంటే 300 బస్తాలు. మా గోడౌన్‌లో ఒక గోడ పొడవునా పైకప్పు దాకా పేర్చితే పట్టేన్ని. అవన్నీ కాల్చి, కొట్టి, పొట్టు తీసి, గ్రేడ్ చేసి పంపిస్తే వచ్చే లాభమంతా ఒక పేరుకే పోతుంది. అదీ ఆ అమ్మకాలన్నీ కేవలం ఆ పేరు వల్లే వచ్చాయనుకుంటే.

నిజంగా పేరు వల్ల ఎన్ని వస్తాయో చూద్దామని ఒక నోట్‌బుక్ పెట్టాను. మూడు నెలలు ప్రతి ఆర్డరుకీ, మా గురించి మీకెలా తెలిసిందండీ అని అడిగి రాసుకున్నాను. మొత్తం 214 ఆర్డర్లు. వాట్సాప్‌లోనో చుట్టాల ద్వారానో తెలిసినవాళ్లు 131 మంది. గూగుల్‌లో పలాస జీడిపప్పు అని వెతికి వచ్చినవాళ్లు 52. ఎవరింట్లోనో మా అట్టపెట్టె మీద చూసి వచ్చినవాళ్లు 22. పేరు గుర్తుపెట్టుకుని నేరుగా కొట్టినవాళ్లు తొమ్మిది మంది. పేరు బాగున్నందుకు వచ్చేది ఆ చివరి 31 ఆర్డర్లే. పేరులో సరుకు మాట ఉంటే గూగుల్‌లో పైకి వస్తామని చాలామంది అంటారు. 2012 సెప్టెంబరులోనే గూగుల్ ఒక మార్పు చేసి, పనికొచ్చే సమాచారం లేని సైట్లు పేరు బలంతో పైకి రావడాన్ని తగ్గించేసింది. ఆ ఆశతో లక్షలు పెట్టకండి.

ఆ 31 ఆర్డర్లు తక్కువని నేను అనను. పెట్టె చూసి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ కొన్నారు. అందుకే పేరు పలకడానికి, వినడానికి, రాయడానికి ఎలా ఉందన్నది నాకు ధరకన్నా పెద్ద విషయమైంది. ఇది మన తెలుగు మాటలకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది. ఒక దీపావళికి కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. సోంపేట వైపు మనిషి. “సైటు పేరు చెప్పు బాబూ, కొట్టి చూస్తాను” అన్నారు. జీడి అన్నాను. “జెడ్డా, జే నా?” జే అన్నాను. “తర్వాత ఐ యా, రెండు ఈలా?” రెండు ఈలు అన్నాను. పప్పు దగ్గరికి వచ్చేసరికి “ఏటి బాబూ, ఎన్ని పీలు?” అని ఆగిపోయారు. చివరికి కొట్టింది వేరే ఎవరి పేజీకో వెళ్లింది. ఆవిడ ఆర్డరు వాట్సాప్‌లోనే తీసుకున్నాను.

మర్నాడు మూడు పేర్లు కాగితం మీద రాసుకుని, తెలిసినవాళ్లు పదిమందికి ఫోన్ చేశాను. పేరు ఒక్కసారి పలికి, విన్నది విన్నట్టు మెసేజ్ పెట్టమన్నాను. 2,40,000 అడిగిన పేరును సరిగ్గా రాసినవాళ్లు ఇద్దరు. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల ఒక చిన్న డాట్ ఇన్ పేరును తొమ్మిదిమంది సరిగ్గా రాశారు. ఆ చిన్న పేరు కూడా ఇంకొకరి దగ్గరే ఉంది, 1,20,000 అన్నారు. నేను 35,000 అని రాశాను. పది రోజులు జవాబు లేదు. మూడు వారాలు సాగి చివరికి 45,000 దగ్గర తెగింది. నా లెక్కలో అది 1,125 కిలోల పప్పు. ఆ పేరు అచ్చేసిన పెట్టెలు చూసి వచ్చిన ఆర్డర్ల మీదే పద్నాలుగు నెలల్లో ఆ డబ్బు తిరిగొచ్చింది. కనుక ప్రీమియం పేరు ఎప్పుడూ వృథా అని నేను చెప్పను.

కొనేముందు ఇంకో రెండు పనులు చేశాను, అవి మీరూ చేయండి. పాత వెబ్ పేజీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటులో ఆ పేరు కొట్టి పాత పేజీలు చూశాను. అంతకుముందు నాకు నచ్చిన ఇంకో పేరు మీద ఒకప్పుడు జూదం సైటు నడిచింది. అలాంటి గతం ఉన్న పేరుతో మీరు పంపే మెయిళ్లు స్పామ్‌లోకి పోయే ప్రమాదం ఉంది. రెండోది డబ్బు. ముక్కూ మొహం తెలియని మనిషి ఖాతాలో నేరుగా వేయకుండా ఎస్క్రో ద్వారా, అంటే డబ్బు మధ్యలో పట్టి ఉంచే సంస్థ ద్వారా కట్టాను. పేరు నా అకౌంట్‌లోకి వచ్చిందని నేను చెప్పాకే అవతలివాళ్లకు డబ్బు వెళ్లింది. దానికి ఫీజు పడుతుంది, పడనివ్వండి.

ధర చూపించే ఆటోమేటిక్ అంచనాలను మాత్రం నమ్మకండి. బైపాస్ పక్కన సెంటు ఎంత అంటే అమ్మేవాడు చెప్పేది ఒకటి, రిజిస్ట్రేషన్ జరిగేది ఇంకొకటి. నేమ్‌బయో లాంటి చోట నిజంగా అమ్ముడైన పేర్లు, వాటి ధరలు కనిపిస్తాయి. మీ పేరు లాంటివి ఎంతకు పోయాయో అక్కడ చూడండి. వాయిస్ డాట్ కామ్ 2019లో 3 కోట్ల డాలర్లకు అమ్ముడైంది, నిజమే. ప్రపంచమంతా తెలిసిన ఒక్క ఇంగ్లిష్ మాట అది. మన జిల్లా సరుకు పేరుకు ఆ లెక్క పనికిరాదు.

ఇప్పుడు మీ పేరు సంగతి. నాకు ఎక్కువ భయం ఇక్కడే. ఖాదీ అన్న మాట అందరిదీ అనుకుంటాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఖాదీ గ్రామోద్యోగ్ కమిషన్‌కు ఆ పేరు మీద ట్రేడ్‌మార్కులున్నాయి. అనుమతి లేకుండా ఖాదీ పేరు వాడుకున్నవాళ్ల మీద అది ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, డొమైన్ పేర్ల మీద కూడా ఫిర్యాదులు చేసింది. 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఆ మార్క్ లేకుండా గుడ్డను ఖాదీ అని అమ్మకూడదు. డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. డాట్ కామ్‌కైతే యూడీఆర్పీ, డాట్ ఇన్‌కైతే ఐఎన్‌డీఆర్పీ అని వివాదాలు తేల్చే పద్ధతులున్నాయి. అందులో ఓడితే పేరు అవతలివాళ్లకు వెళ్లిపోతుంది. మీకు ఆ పేరు అమ్మినవాడికి ఇచ్చిన 1,85,000 ఎవరూ తిరిగివ్వరు. మీరు అమ్మేది అసలైన సరుకే కావచ్చు, కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన నూలే కావచ్చు. అయినా కాగితం లేకపోతే మీ మాట నిలబడదు. ముందు పొందూరులో ఖాదీ సర్టిఫికెట్ ఉన్న సంఘంతో మాట్లాడండి. వాళ్ల దగ్గర బిల్లుతో, మార్క్‌తో కొని అమ్మే పద్ధతి ఏమిటో తెలుసుకోండి. ట్రేడ్‌మార్క్ చూసే లాయరుకి రెండు మూడు వేలు ఇచ్చి ఆ పేరు చూపించండి.

ఫోన్ పరీక్షలో కూడా మీ పేరు తేలిగ్గా గట్టెక్కదు. పొందూరుకు యూ పెడతారా, రెండు ఓలు పెడతారా? ఖాదీలో ద కి ఒక్క డీ యా, డీ హెచ్చా? మన పిల్లలు చాటింగ్‌లో ద అంటే డీ హెచ్ కొడతారు. ఒక్క పేరు కొంటే సరిపోదు, మూడు నాలుగు స్పెల్లింగులు కొనాల్సి వస్తుంది.

చీరకు మీకు 700 మిగులుతుందనుకుందాం. 1,85,000 అంటే 265 చీరలు. ఆ డబ్బుతో నేతవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చి సరుకు చేతిలో పెట్టుకుంటే, పండగ సీజన్‌లో అడిగినవాళ్లకు లేదనకుండా ఇవ్వొచ్చు. మొదటి ఏడాది మీకు కావలసింది అదే.

మీ ఇంటి పేరో, అమ్మమ్మ పేరో, నేతలో వాడే ఒక చిన్న మాటో తీసుకోండి. ఆరేడు అక్షరాలు దాటకుండా, విన్నది విన్నట్టు రాయగలిగేది. వెయ్యి రూపాయల్లో డాట్ ఇన్ దొరికితే అదే తీసుకోండి, డాట్ కామ్ కూడా ఖాళీగా ఉంటే రెండూ తీసుకోండి. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా ఉన్నాయి. ఇష్టమైతే మామూలు ధరకు ఒకటి తీసి సైటుకు కలిపి పెట్టుకోవచ్చు.

మీకు ధర చెప్పినవాళ్లకు ఇవాళ జవాబు రాయకండి. తొందర చూపిస్తే ధర దిగదు. లాయరు ఫరవాలేదన్నాక, సంఘం నుంచి కాగితం వచ్చాక కూడా ఆ పేరే కావాలనిపిస్తే 30,000 నుంచి మొదలుపెట్టండి. ఈలోగా మూడు పేర్లు అనుకుని ఇక్కడ రాయండి. నేనూ మా ఇంట్లోవాళ్లూ ఫోన్‌లో విని రాసి చూస్తాం.