ప్రాచీన సాహిత్యం చదవబోతున్న మనుమరాలికి

తిరుపతి

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీస్సులు.

తెలుగు ఎం.ఏ.లో చేరావనీ, ప్రాచీన సాహిత్యమే ప్రత్యేకంగా చదవదలచావనీ, అందుకు ముందుగా ఎన్ని పద్యాలు కంఠస్థం చేయాలో చెప్పమనీ నీవు రాసిన ఉత్తరం అందింది. పద్యాలు నోటికి రావడం మంచిదే, అది ఈ వయసులోనే జరగాలి. కాని వెయ్యి పద్యాలు అప్పజెప్పగలిగినవాడు ప్రాచీన సాహిత్యాభిమాని అవుతాడే తప్ప, ఆ ఒక్క కారణంచేత పండితుడు కాడు. ప్రతిలో ఉన్నదేమిటో, అందులో ఉన్నదని తాను అనుకుంటున్నదేమిటో వేరుచేసి చూడగలవాణ్ణే నేను పండితుడంటాను.

మన ఊరి సంగతే తీసుకో. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలోని భాండాగారంలో దాచారు. ఆ రేకుల మీద సంకీర్తనకు రాగం పేరు ఉంటుంది గాని పాడవలసిన స్వరాలు రాసి ఉండవు. అందువల్ల మాడవీధుల్లో మనం వింటున్న వరుసలు చాలావరకు గత శతాబ్దంలో విద్వాంసులు కూర్చినవి. ఈ మాట చెబితే కొందరు భక్తులు నొచ్చుకుంటారు. నేనూ రోజూ ఆ పాటలు వింటూనే ఉంటాను, కాని సాహిత్యం ఏ కాలానిది, వరుస ఏ కాలానిది అన్న ఎరుక మాత్రం వదులుకోను. ఆ సంకీర్తనల్లో వ్యాకరణానికి లొంగని పలుకుబడి కనిపిస్తే తప్పని తీర్పు చెప్పకు. చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది 1858లో. మూడున్నర శతాబ్దాల ముందే కన్నుమూసిన కవి దానికి ఎలా జవాబుదారీ అవుతాడు? నిఘంటువులో దొరకని మాటను చంద్రగిరి, పాకాల వైపు పల్లెల్లోని ముసలమ్మలను అడిగి చూడు.

ఇక నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. చదువుకునే రోజుల్లో ఒక తాళపత్ర ప్రతికి నకలు రాస్తున్నాను. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. పైగా ‘వు’, ‘మ’ ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. చంపకమాల పద్యంలో పాదం మొదటి అక్షరంతో యతి, అంటే అక్షరమైత్రి, కుదరవలసిన పదకొండో అక్షరం ‘వు’ను నేను ‘మ’ అని చదివాను. తరువాతిది సంయుక్తాక్షరం కావడంవల్ల ఎలా చదివినా ఆ చోట గురువే కనుక గణాలు సరిపోయాయి గాని, పాదం మొదట ఉన్న ‘పు’తో యతి కుదరలేదు. అప్పుడు నా చదువును అనుమానించవలసింది పోయి, లేఖకుడు తప్పు రాశాడని తేల్చి, పాదం మొదటి మాటను కూడా ‘దిద్ది’ యతి కుదిర్చాను. మా గురువుగారు కోప్పడలేదు. ఆ ఆకు తెచ్చి భూతద్దం కింద పెట్టి, మొదటి అక్షరం చదవమన్నారు, అంతే. ఛందస్సు పద్యం రాసేవాళ్లకే పనికివస్తుందనుకునేవాణ్ణి; పాఠం చెడిన చోటును చూపించేది కూడా అదేనని ఆనాడు తెలిసింది.

కాబట్టి రోజుకు పది పద్యాలు వద్దు, ఒక్కటి చాలు. ముందు అన్వయం కుదుర్చుకో, అంటే మాటలను అర్థం కుదిరే వరుసలో పెట్టుకో, తరువాత ప్రతిపదార్థం రాయి, శబ్దరత్నాకర నిఘంటువు చూసి సరిపోల్చుకో, ఇంకో ముద్రణలో పాఠాంతరం ఉంటే పక్కన రాసుకో. వ్యాఖ్యానం చివర తెరువు. ముందే తెరిస్తే నీ సందేహం నీకు కనబడకుండా పోతుంది. సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మన తెలుగువాడు మల్లినాథసూరి మూలంలో లేనిదీ, అవసరం లేనిదీ రాయనని తన వ్యాఖ్య మొదట్లోనే మాట ఇచ్చాడు. పరీక్ష జవాబుల్లో దాన్ని పాటిస్తే మార్కులు తగ్గవచ్చు, అది వేరే సంగతి.

సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు ఒక పద్యానికి ప్రతిపదార్థం రాసి, అర్థంకాని మాటల కింద గీత గీసి తీసుకురా. దేవస్థానం 1939లో స్థాపించిన ప్రాచ్య పరిశోధనా సంస్థ ఇప్పుడు మన విశ్వవిద్యాలయంలోనే ఉంది. అనుమతి దొరికితే అక్కడి తాళపత్రాలు చూద్దాం. భూతద్దం నా దగ్గర ఉంది, కొనవద్దు. అవ్వ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో,
తాత