తుపాకీ సంగతి తర్వాత, ముందు బ్యాగ్ సంగతి చూడు చిన్నా

చిన్నా,

కొలరాడోలో మన ఎల్క్ వేటకి నువ్వు పంపిన లిస్ట్ రెండు సార్లు చూశాన్రా. కొత్త రైఫిల్, దాని మీదకి బోలెడు ఖరీదు పెట్టి స్కోప్, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, అడవిలో కలిసిపోయే రంగుల క్యామో జాకెట్, క్యామో ప్యాంటు, క్యామో టోపీ అన్నీ ఉన్నాయి కానీ మాంసం మోసే బ్యాగ్ గురించి ఒక్క ముక్క లేదు, బూట్ల దగ్గరేమో "ఉన్నవే సరిపోతాయి" అని రాశావ్. అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చుని రాస్తున్నా, ఫోన్లో అయితే సరే బాబాయ్ సరే బాబాయ్ అని సగం వింటావ్, ఇదైతే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు.

ముందు ఒక లెక్క చెప్తా విను. ఎల్క్ అంటే మన నల్లమల కణుజు లాంటిదే గానీ ఇంకా పెద్దది, ఎదిగిన మగది బతికున్నప్పుడు సుమారు 700 పౌండ్లు తూగుద్ది. ఎముకలు తీసేశాక కూడా చేతికొచ్చే మాంసం 200 పౌండ్ల దాకా ఉంటది. మనం ట్రక్కు దగ్గర్నుంచి 3 మైళ్ళు లోపలికి వెళ్ళి కొట్టామనుకో, ఇద్దరం తలా 50 పౌండ్లు మోసినా చెరి రెండు ట్రిప్పులు, అంటే బరువుతో 3 మైళ్ళు బయటికి, ఖాళీగా 3 లోపలికి, మళ్ళీ బరువుతో 3 బయటికి, మనిషికి 9 మైళ్ళు. నువ్వొక్కడివే అయితే 21 మైళ్ళు. ఇదంతా 10 వేల అడుగుల ఎత్తులో, పడిపోయిన చెట్లు దాటుకుంటా, మంచులో. చక్రాల బండి తీసుకెళ్దాం బాబాయ్ అంటావేమో, మనం వెళ్ళేది ఫ్లాట్ టాప్స్ విల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలోకి, 1964 చట్టం ప్రకారం విల్డర్‌నెస్‌లో మోటారు బండ్లే కాదు మాంసం లాగే చేతిబండి కూడా కుదరదు. గుర్రాలో, మన వీపులో, అంతే. కాబట్టి నీ లిస్ట్ మొత్తం తిరగేసి ఆ 200 పౌండ్ల దగ్గర్నుంచి వెనక్కి రాసుకుంటా రా.

ఇది నేను ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నా మూడో సీజన్‌లో జరిగింది నీకు ఎప్పుడూ చెప్పలేదు. అక్టోబర్ నెలాఖరు, పొద్దు కుంకే టైమ్‌కి ఒక మంచి మగది దొరికింది. నేనూ నా ఆఫీసు ఫ్రెండూ. చీకటి పడిపోయింది, ఇద్దరికీ కలిపి ఒక్క హెడ్‌ల్యాంపే వెలుగుతోంది, గేమ్ బ్యాగులు, అంటే మాంసం వేసుకునే గాలాడే సంచులు, క్యాంపులో వదిలేసి వచ్చాం, మోసే బ్యాగులు చూస్తే మామూలు ట్రెక్కింగ్ బ్యాగులు. సరే పేగులు తీసేసి పొట్ట తెరిచి పెడదాం, రాత్రికి ఎట్లాగూ గడ్డకట్టే చలి కదా, పొద్దున్నే వద్దాం అనుకుని చర్మంతోటే నేల మీద వదిలేసి వెళ్ళిపోయాం. తెల్లారి వచ్చేసరికి దాని వెంట్రుకల మీద మంచు పేరుకుని ఉంది, నా గ్లవ్స్ కర్రల్లాగా బిగుసుకుపోయినాయి. పై వైపు తొడ బానే ఉంది. కింద వైపు తొడ తిప్పి తుంటి కీలు దగ్గర కత్తి దించితే ఆవిరి వచ్చింది రా, అంత చలిలో లోపల వేలు పెడితే గోరువెచ్చగా తగిలింది, వెంటనే వాసన. ఎముక చుట్టూ మాంసం పచ్చగా తిరిగింది. 50 పౌండ్ల పైన పోయింది. చంపిన ప్రాణి మాంసం నా చేతకానితనం వల్ల మట్టిపాలైందన్న బాధ ఇప్పటికీ పోలేదు. పైగా ఇక్కడ తినదగిన మాంసం వదిలేసి రావటం చట్టం ప్రకారం కూడా తప్పే.

ఆ చర్మం, ఆ దట్టమైన బొచ్చు దాన్ని చలికాలమంతా కాపాడేవి కదా, చచ్చాక కూడా వేడిని అట్లాగే పట్టి ఉంచుతాయి. అందుకని ఎంత చలైనా సరే పడిన వెంటనే చర్మం ఒలిచెయ్యాలి, నాలుగు కాళ్ళు విడదియ్యాలి, వీపు పక్కన ఉండే రెండు పొడుగాటి కండలు, లోపలి కండలు తియ్యాలి, అన్నీ బ్యాగుల్లో వేసి గాలి తగిలేలా నీడలో వేలాడదియ్యాలి. పొట్ట కొయ్యకుండానే చేసే గట్‌లెస్ పద్ధతి నేర్చుకో, వీడియోలు బోలెడున్నాయి. దీనికి కావాల్సినవి తేలికైన సింథటిక్ గేమ్ బ్యాగులు కనీసం 5, బ్లేడు మార్చుకునే సన్న కత్తి ఒకటి, స్పేర్ బ్లేడ్లు అరడజను, కీళ్ళ దగ్గరికి మామూలు గట్టి కత్తి ఇంకోటి, 50 అడుగుల సన్న తాడు, నైట్రైల్ గ్లవ్స్, రెండు హెడ్‌ల్యాంపులు. ఆ మార్చుకునే బ్లేడ్లు మహా పదును, చీకట్లో చల్లటి వేళ్ళతో ఒత్తితే విరుగుతాయి, ఎడం చేతికి తెగని గ్లవ్ వేసుకో. ఇవన్నీ రోజూ నీ వీపు మీదే ఉండాలి, క్యాంపులో కాదు. ఇంకో మాట, మగదని తెలిపే అవయవం మాంసం ముక్కల్లో ఒకదానికి సహజంగా అంటుకునే ఉండాలి, తెలీక కోసేస్తే వేట రూల్స్ చూసే ఆఫీసర్ ఆపినప్పుడు ఇబ్బంది పడతావ్. ట్యాగ్, అంటే లైసెన్స్‌తో వచ్చే చీటీ, అది కూడా అక్కడే వెంటనే కట్టెయ్యి.

ఇప్పుడు బ్యాగ్. లోపల గట్టి ఫ్రేమ్ ఉండాలి, ఫ్రేముకీ సంచికీ మధ్య మాంసం పెట్టి బిగించే లోడ్ షెల్ఫ్ ఉండాలి, బరువు భుజాల మీద కాదు తుంటి బెల్ట్ మీద కూర్చోవాలి. కిఫారు, స్టోన్ గ్లేసియర్, మిస్టరీ రాంచ్ ఇట్లాంటివి ఖరీదే కానీ 10 ఏళ్ళు ఉంటాయి, వాడిన వాటికి కూడా మంచి రేటు దొరుకుద్ది చూడు. కొన్నాక ఒక పని చెయ్యి, ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు మూడు తెచ్చి అందులో కట్టుకుని ఇంటి దగ్గర పార్కులో గంట నడువు. బెల్ట్ జారి పిర్రల మీదకొస్తే, భుజాలు తిమ్మిరెక్కితే సైజు కుదరనట్టు, రిటర్న్ ఇచ్చెయ్. బస్తాలు మెల్లగా రెండు నుంచి మొదలుపెట్టు, నువ్వు రోజంతా కుర్చీలో కూర్చునేవాడివి, ఒక్కసారే 60 పెడితే నడుం పట్టేసుద్ది.

బూట్లు. ఉన్నవి చాలవు రా. చీలమండ పైదాకా గట్టిగా పట్టుకునేవి, వాటర్‌ప్రూఫ్‌వి, అర సైజు పెద్దవి ఇప్పుడే కొని కనీసం 50 మైళ్ళు వాటితోనే నడిచి రా. కొత్త బూట్లతో కొండెక్కి రెండో రోజే మడమలు ఊడి క్యాంపులో కూర్చున్న వాళ్ళని ప్రతి ఏడూ చూస్తా. ఉన్ని సాక్సులు మూడు జతలు, మంచు లోపలికి పోకుండా గెయిటర్లు, రెండు ట్రెక్కింగ్ పోల్స్. పోల్స్ ముసలోళ్ళకి అనుకోకు, వీపున 60 పౌండ్లతో తడి దుంగ దాటేటప్పుడు నీ మోకాలు కాపాడేది అవే.

బట్టల దగ్గర క్యామో గురించి అంత ఆలోచించకు. మనది రైఫిల్ సీజన్, కొలరాడోలో నడుం పైన కనీసం 500 చదరపు అంగుళాలు నిండు ఫ్లోరొసెంట్ ఆరెంజ్ లేదా పింక్ వేసుకోవాలి, టోపీ కూడా అదే రంగు, అన్ని వైపుల్నుంచీ కనపడాలి. ఆరెంజ్ క్యామో ప్రింట్ లెక్కలోకి రాదు. ఎల్క్‌కి ఆ రంగు మనకి కనపడినట్టు కనపడదు, దానికి ముఖ్యం వాసన, గాలి ఎటు వీస్తుందో చూసుకో. ఒంటికి తగిలే పొర మాత్రం మెరినో ఉన్ని, కాటన్ ఒక్కటి కూడా తేవద్దు, బనీను తోటి సహా. ఎక్కేటప్పుడు చెమట పడుద్ది, పైన కూర్చున్నాక ఆ తడి కాటన్ ఒంట్లో వేడంతా లాగేసుద్ది. ఎక్కేటప్పుడు పల్చగా, కొంచెం చలేస్తున్నట్టే బయలుదేరు, ఆగాక పఫ్ జాకెట్ తగిలించుకో.

పడుకునేదానికి 0 డిగ్రీల ఫారెన్‌హీట్ బ్యాగ్ తీస్కో. 20 డిగ్రీలని రాసి ఉంటే చాలామటుకు అది ముడుచుకుని ఎట్లాగో రాత్రి గడిపే లెక్కే గానీ సుఖంగా నిద్రపోయే లెక్క కాదు. కింద వేసుకునే మ్యాట్ కూడా అంతే ముఖ్యం, చలిని ఎంత ఆపుద్దో చెప్పే ఆర్-వాల్యూ 5 దగ్గర ఉండాలి, లేకపోతే ఎంత మంచి బ్యాగ్ అయినా నేల చలి కింద నుంచి పైకి ఎక్కుద్ది.

తిండి విషయంలో మనవాళ్ళు అందరూ చేసే పొరపాటు ఒకటుంది, బియ్యం మొయ్యటం. ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, అన్నం పలుకు పోవాలంటే చాలాసేపు పెట్టాలి, గ్యాస్ అయిపోద్ది. అటుకులు తెచ్చుకో, వేడి నీళ్ళు పోసి మూత పెట్టి ఇంత కారప్పొడి, వేయించిన పల్లీలు కలిపితే 5 నిమిషాల్లో భోజనం. రవ్వ ముందే నేతిలో వేయించి తాలింపు కలిపి జిప్ బ్యాగుల్లో కట్టుకో. సున్నుండలు రోజుకి నాలుగు చొప్పున, నెయ్యీ మినుములూ బెల్లం కదా, వాటికి మించిన ఎనర్జీ బార్ నేను ఇంతవరకూ చూళ్ళేదు. గ్యాస్ క్యానిస్టర్ రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకో, చలికి బయట ఉంటే పొద్దున మంట సరిగా రాదు. వాటర్ ఫిల్టర్ కూడా అంతే, అది ఒక్కసారి గడ్డకడితే లోపల సన్న గొట్టాలు చీలిపోతాయి, పైకి ఏమీ తెలీదు, నీళ్ళు మాత్రం శుభ్రం కావు. నీళ్ళు శుభ్రం చేసే టాబ్లెట్లు కొన్ని పక్కన ఉంచుకో.

ఇక నీ రైఫిల్. థర్టీ ఓ సిక్స్, టూ సెవెంటీ, సెవెన్ ఎంఎం రెమ్ మ్యాగ్, ఈ తూటా సైజుల్లో ఏదైనా చాలు, ఇక్కడ రూలు ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని, ఇవన్నీ దాన్ని సులువుగా దాటతాయి. పెద్ద క్యాలిబర్ కొని దాని తన్నుడికి భయపడి కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగేకంటే, మోకాలి మీద, బ్యాగ్ మీద ఆనించి 200 గజాల్లో పళ్ళెమంత చోట ప్రతిసారీ కొట్టగలిగే తుపాకీ నయం. కొత్తది వద్దు, నువ్వు మూడేళ్ళుగా రేంజ్‌లో కాల్చేదే తీసుకురా, ఆ డబ్బులు బ్యాగ్‌లో పెట్టు, బైనాక్యులర్లలో పెట్టు. 10×42 మంచివి ఒకటి, రోజులో ఎక్కువసేపు నీ చేతిలో ఉండేది అదే. మన ట్యాగ్‌కి కొమ్ముల రూలు ఉంది, ఒక వైపు కనీసం నాలుగు మొనలు ఉండాలి, లేకపోతే నుదుటి దగ్గర మొన 5 అంగుళాలన్నా ఉండాలి, అది చెట్ల చాటున నిలబడి ఉన్నప్పుడు లెక్కపెట్టాలంటే బైనాక్యులర్ అద్దాలు బాగుండాలి. స్కోప్‌తో వెతకటం అలవాటు చేసుకోకు, అటు వైపు మనిషి ఉండొచ్చు.

సిగ్నల్ లేని చోట మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ నాది ఉంది, నువ్వూ ఒకటి అద్దెకైనా తెచ్చుకో, విడిపోయి తిరిగేటప్పుడు ఒక్కటి ఇద్దరికి సరిపోదు. మ్యాప్ ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకుని పేపర్ మ్యాప్ కూడా పెట్టుకో, చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా పడిపోద్ది. హంటర్ సేఫ్టీ కార్డ్, అంటే వేట భద్రత కోర్సు పాసైన కార్డు, మర్చిపోకు, 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి అది తప్పనిసరి.

నీ రూమ్మేట్ వస్తానంటున్నాడని రాశావ్. అతను హెచ్-1బీ మీద ఉన్నాడు కదా, నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది గానీ ఇమిగ్రేషన్ లాయర్ని అడిగి కాగితం మీద తేల్చుకోకుండా అతని చేతికి సరదాకి కూడా నీ రైఫిల్ ఇవ్వొద్దు, ఫొటో కోసం కూడా వద్దు. ఆ కుర్రాడి జీవితం దాని మీద ఉంది. మోయటానికి వస్తానంటే మాత్రం సంతోషంగా తీసుకురా, మూడో వీపు ఉంటే మాంసం ఒకే రోజులో బయటికొస్తది.

సీజన్‌కి మూడు రోజుల ముందే వచ్చెయ్. డాలస్ నుంచి నేరుగా 10 వేల అడుగులకి ఎక్కితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవటం ఉండొచ్చు, మా ఇంట్లో డెన్వర్‌లో రెండు రాత్రులు పడుకుని తర్వాత ట్రెయిల్ మొదట్లో ఒక రాత్రి ఉండి లోపలికి పోదాం. దగ్గుతో పాటు కూర్చున్నా ఆయాసం వస్తే దాచుకోకుండా చెప్పు, ఆ క్షణమే కిందకి దిగుదాం, ఎల్క్ కళ్ళ ముందు ఉన్నా సరే.

మీ పిన్ని సున్నుండలకి మినప్పప్పు ఇప్పుడే తెప్పించింది. నువ్వు బ్యాగ్ కొన్నాక బస్తాలు కట్టుకుని పక్క నుంచి ఒక ఫొటో తీయించి పంపు, బెల్ట్ ఎక్కడ కూర్చుందో చూసి చెప్తా.

మీ బాబాయ్